మద్య వ్యసనానికి మనిషిని బట్టి వైద్యం: రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రివర్యులకు, కార్యదర్శులకు, రెండు రాష్ట్రాల మానసిక ఆరోగ్య అథారిటీల సభ్యులకు నమస్కారాలతో,

మద్యానికి బానిసైన వ్యక్తిని కుటుంబ సభ్యులు మన ప్రభుత్వ ఆసుపత్రికో, లైసెన్సు ఉన్న డీ-అడిక్షన్ కేంద్రానికో తీసుకొచ్చినప్పుడు అతనికి అందే చికిత్స చాలాచోట్ల ఒకే అచ్చులో సాగుతోంది. ఐదారు రోజులు సెలైన్, వణుకు తగ్గడానికి క్లోర్‌డయాజిపాక్సైడ్ మాత్రలు, బి విటమిన్ ఇంజెక్షన్లు, ఒక లివర్ పరీక్ష, ఇంటికి పంపేటప్పుడు డైసల్ఫిరామ్ (వేసుకున్నాక తాగితే ఒంటికి పడకుండా చేసే మందు) చీటీ, ఇక మీదట ముట్టుకోవద్దన్న మందలింపు. ఇందులో ఏ ఒక్కటీ తప్పు కాదు. కానీ ఈ మనిషి ఏ వయసులో తాగడం మొదలుపెట్టాడు, అతని తండ్రి తాగేవాడా, అతను ఏమి పొందడానికి తాగుతున్నాడు లేదా ఏమి తప్పించుకోవడానికి తాగుతున్నాడు, గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, అసలు అతను తాగింది మద్యమేనా అన్న ప్రశ్నలకు కేసు షీట్‌లో చోటే ఉండడం లేదు. జిల్లా స్థాయిలో మానసిక వైద్యుడిగా పనిచేస్తున్న నేను ఈ లేఖ ద్వారా కోరేది ప్రధానంగా ఒక్కటే: ఆ ప్రశ్నలకు అధికారికంగా చోటు కల్పించండి, రక్తపరీక్షలు చెప్పగలిగినదాన్ని మాత్రమే వాటి చేత చెప్పించండి, ఆ రెండింటినీ కలిపి చూసి చికిత్సను నిర్ణయించే పద్ధతిని రెండు రాష్ట్రాల్లో ప్రవేశపెట్టండి.

మా వార్డులో తరచుగా పక్కపక్క మంచాల మీద కనిపించే ఇద్దరి గురించి చెబుతాను. ఒకరు పాతికేళ్లు నిండని యువకుడు. పదమూడు పద్నాలుగేళ్లకే తాగడం మొదలైంది, తండ్రీ, చిన్నాన్నా ఇద్దరూ తాగుబోతులే, చిన్నప్పుడు బడిలో ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయేవాడు, తాగితే గొడవలు, మీదికి పోలీసు కేసు, తాగకపోయినా తొందరపాటు. రెండోవారు యాభై దాటిన చిరు వ్యాపారి. ముప్పై ఎనిమిదేళ్ల దాకా పండగకో పబ్బానికో తప్ప ముట్టలేదు, వ్యాపారంలో దెబ్బతిన్నాక నిద్ర పట్టక రాత్రి ఒక క్వార్టర్‌తో మొదలుపెట్టి, క్రమంగా పొద్దున లేవగానే తాగితే తప్ప చేతులు నిలవని స్థితికి వచ్చారు, తాగినందుకు కుమిలిపోతారు, ఎవరి మీదా చెయ్యి ఎత్తరు. ఇద్దరి కేసు షీట్ మీదా ఒకే రోగ నిర్ధారణ, ఇద్దరి చీటీ మీదా ఒకే మాత్రలు. జ్వరమని వచ్చిన ప్రతివారికీ మలేరియానా టైఫాయిడ్‌నా అని చూడకుండా ఒకే మందు ఇస్తే వైద్యుడిని నిలదీస్తాం. మద్య వ్యసనం విషయంలో మాత్రం ఆ నిలదీత ఇంతవరకూ జరగలేదు.

ఈ తేడాలను వైద్యశాస్త్రం గుర్తించి చాలాకాలమైంది. ఈ.ఎం. జెల్లినెక్ 1960లోనే తాగుబోతులను ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఎప్సిలాన్ అని ఐదు రకాలుగా విడదీశారు. మనసులోని బాధకు మందుగా తాగేవారు, శరీరం చెడినా ఇంకా బానిస కానివారు, మొదలుపెడితే ఆపుకోలేనివారు, ఆపుకోగలిగినా ఒక్కరోజు కూడా మానలేనివారు, మధ్యమధ్యలో మాత్రమే విజృంభించి తాగేవారు అన్నది ఆ విభజన సారాంశం. అది పరిశీలన మీద ఆధారపడిన విభజనే తప్ప దాని వెనుక జీవశాస్త్ర ఆధారం పెద్దగా లేదు. ఆ ఆధారం కోసం జరిగిన ప్రయత్నాల్లో ముఖ్యమైనది స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో దత్తత వెళ్లిన పిల్లల మీద క్లోనింజర్, బోమన్, సిగ్‌వార్డ్‌సన్ చేసి 1981లో ప్రచురించిన అధ్యయనం. కన్న తండ్రి అలవాటు ఎంత, పెంచిన ఇంటి ప్రభావం ఎంత అని విడదీసి చూడడానికి దత్తత పిల్లలు వీలు కల్పిస్తారు. దత్తత వెళ్లిన 862 మంది పురుషులను పరిశీలించిన ఆ బృందం రెండు రకాలను గుర్తించింది. మొదటి రకం పాతికేళ్ల తర్వాత మొదలవుతుంది, స్త్రీపురుషులిద్దరిలోనూ కనిపిస్తుంది, ఆందోళన, అపరాధ భావం ఎక్కువ, వంశపారంపర్య బలహీనతకు పెరిగిన పరిసరాలు తోడైతేనే బయటపడుతుంది. రెండో రకం చిన్న వయసులోనే మొదలవుతుంది, ప్రధానంగా మగవారిలో తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది, దూకుడు, గొడవలు, కొత్తదనం కోసం తహతహ దాని లక్షణాలు. రెండో రకం తండ్రులకు పుట్టిన కొడుకుల్లో, ఎలాంటి ఇంట్లో పెరిగినా సరే, వ్యసన ప్రమాదం మిగతావారికంటే తొమ్మిది రెట్లు కనిపించింది. నేను పైన చెప్పిన చిరు వ్యాపారీ, యువకుడూ ఈ రెండు వర్ణనలకు ఎంత దగ్గరగా ఉన్నారో చూడండి.

ఆ తర్వాత 1992లో బాబర్ బృందం 321 మంది రోగులను పరిశీలించి టైప్ ఎ, టైప్ బి అని దాదాపు ఇలాంటి విభజనకే వచ్చింది. వియన్నాలో లెష్ నాలుగు రకాలు చెప్పారు. అమెరికాలో 2007లో ఒక జాతీయ సర్వే నుంచి 1,484 మంది వివరాలు తీసుకుని చేసిన విశ్లేషణలో ఐదు సమూహాలు తేలాయి. ఆ విశ్లేషణలో మన అధికారులు గమనించవలసిన అంశం ఒకటి ఉంది. మద్యానికి బానిసలైనవారిలో అతిపెద్ద సమూహం, 31.5 శాతం, ఇతర జబ్బులూ కుటుంబ చరిత్రా అంతగా లేని యువతీ యువకులది. మనం ఆసుపత్రి వార్డుల్లో చూసే దీర్ఘకాలిక తీవ్ర వ్యసనపరులు 9 శాతం మాత్రమే. అవి అమెరికా లెక్కలు, మన నిష్పత్తులు వేరుగా ఉండవచ్చు. అయినా, వార్డులో కనిపించే రోగిని చూసి మొత్తం జబ్బు ఇదేననుకుని విధానాలు రాసుకోవడం ఎంత ప్రమాదమో ఆ అంకెలు చెబుతున్నాయి. మన దేశంలోనైతే, కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ నిర్వహించి 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం, 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో 2.7 శాతం మంది మద్యానికి పూర్తిగా బానిసలు. అలాంటి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఇంత తక్కువమంది మన గడప తొక్కుతున్నప్పుడు, తొక్కినవారికి అందే చికిత్స వారికి సరిపడేదై ఉండడం మరింత అవసరం.

రకాలు తెలుసుకున్నంత మాత్రాన చికిత్స మారుతుందా అని మీ శాఖలోని నిపుణులు అడగవచ్చు. అది సరైన ప్రశ్న, దానికి నిజాయితీగా సమాధానం చెప్పాలి. మారుతుందని చెప్పడానికి కొన్ని గట్టి ఆధారాలున్నాయి. దిగులుకు వాడే ఫ్లూయాక్సిటిన్‌ను మద్య వ్యసనపరులకు ఇచ్చి చూసిన 1996 నాటి అధ్యయనంలో, చిన్న వయసులో మొదలైన తీవ్ర రకం రోగులు ఆ మందు వల్ల బాగుపడకపోగా, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే ఎక్కువ తాగారు. 2000లో దిగులుకే వాడే మరో మందు సెర్‌ట్రలిన్‌తో జరిగిన అధ్యయనంలో ఆలస్యంగా మొదలైన రకానికి మేలు జరిగింది, రెండో రకానికి జరగలేదు. అదే సంవత్సరం 271 మందితో జరిగిన మరో పరీక్షలో, వాంతులు ఆగడానికి మనం రోజూ వాడే ఆన్‌డాన్‌సెట్రాన్‌ను అతి తక్కువ మోతాదులో ఇస్తే, పాతికేళ్ల లోపు వ్యసనం మొదలైనవారు తాగడం తగ్గించారు, తర్వాత మొదలైనవారిలో ఆ ఫలితం కనిపించలేదు. ఆన్‌డాన్‌సెట్రాన్ ఈ అవసరానికి అనుమతి పొందిన మందు కాదు కాబట్టి దాన్ని రేపటి నుంచే వాడమని నేను కోరడం లేదు. దిగులుగా ఉన్నాడు కదా అని ప్రతి తాగుబోతుకూ ఫ్లూయాక్సిటిన్ రాసే అలవాటును మాత్రం మొదలైన వయసు అడగకుండా కొనసాగించకూడదని గట్టిగా చెబుతున్నాను.

ఇందుకు భిన్నమైన ఆధారమూ ఉంది, దాన్ని దాచకూడదు. అమెరికాలో 1,726 మంది రోగులతో జరిగి 1997లో ఫలితాలు వెలువడిన ప్రాజెక్ట్ మ్యాచ్, ఏ రకం రోగికి ఏ రకం కౌన్సెలింగ్ సరిపోతుందో తేల్చడానికి పూనుకుని, ఆశించిన జతల్లో చాలావాటిని నిరూపించలేకపోయింది. మనుషులు పుస్తకంలోని గళ్లలో ఇమిడిపోరు, ఒకే రోగిలో రెండు రకాల లక్షణాలూ కలగలిసి ఉండడం మామూలే. అందుకే రోగి నుదుటిన టైప్ ఒకటి, టైప్ రెండు అని ముద్ర వేసే విధానాన్ని నేను ప్రతిపాదించడం లేదు. ఆ విభజనలన్నింటికీ మూలమైన కొన్ని సంగతులు, అంటే మొదలైన వయసు, కుటుంబ చరిత్ర, బాల్యంలోని చంచల స్వభావం, వ్యసనానికి ముందే ఉన్న ఆందోళన లేదా దిగులు, మానినప్పటి తీవ్రత, ఇతర మత్తుపదార్థాలు, వీటిని ప్రతి రోగి విషయంలో అడిగి రాసుకోవాలన్నదే నా ప్రతిపాదన. దానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు, ఇరవై నిమిషాల సమయమూ, రోగి ఎదురుగా కూర్చోవడానికి ఒక కుర్చీ చాలు.

ఇక రక్తపరీక్షల సంగతి. తాగిన సంగతిని పట్టించే పరీక్షలు, తాగే స్వభావాన్ని సూచించే పరీక్షలు వేర్వేరు. మొదటివి ఇటీవల ఈ మనిషి ఎంత తాగాడన్నది చెబుతాయి. రెండోవి అతను తాగకముందు నుంచే అతనిలో ఉన్న బలహీనతను సూచిస్తాయి. మన ఆసుపత్రుల్లో ఈ రెండింటినీ కలిపేసి, లివర్ పరీక్ష మామూలుగా ఉంటే "ఇతను అంత పెద్ద తాగుబోతేమీ కాదు" అనడం, ఎక్కువగా ఉంటే "అబద్ధమాడుతున్నాడు" అనడం జరుగుతోంది. రెండు మాటలూ చాలాసార్లు పొరపాటే.

మనకు అందుబాటులో ఉన్న పరీక్షల్లో జీజీటీ అనే లివర్ ఎంజైమ్ పరీక్ష ముఖ్యమైనది. వారాల తరబడి ఎక్కువగా తాగితే ఇది పెరుగుతుంది, మానేస్తే నాలుగైదు వారాల్లో మామూలు స్థాయికి వస్తుంది. కానీ లివర్‌లో కొవ్వు చేరినా, ఊబకాయం, మధుమేహం ఉన్నా, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ వేసుకుంటున్నా కూడా ఇది పెరుగుతుంది. మధుమేహమూ ఫ్యాటీ లివరూ ఇంతగా ఉన్న మన ప్రాంతంలో జీజీటీ పెరిగిన ప్రతి మనిషినీ తాగుబోతుగా లెక్కకట్టడం అన్యాయం. దీనికి ఎదురుగా మరో లోపం ఉంది. ముప్పై ఏళ్ల లోపువారిలో ఎంత తాగినా జీజీటీ పెరగకపోవడం సాధారణం. అంటే చిన్న వయసులో మొదలై, దూకుడుతో, తండ్రి నుంచి సంక్రమించిన బలహీనతతో వచ్చే రకాన్ని, అన్నిటికంటే ముందుగా పట్టుకోవలసిన రకాన్ని, మనం ఎక్కువగా నమ్ముకున్న పరీక్షే గుర్తించలేదు. రిపోర్టు మామూలుగా ఉందని ఆ యువకుడిని ఓపీ నుంచే ఇంటికి పంపేస్తే, అతను మళ్లీ కనిపించేది ప్రమాదాల వార్డులోనో, ఉరి వేసుకోబోతే దించి తెచ్చినప్పుడో. రకాలనూ పరీక్షలనూ కలిపి చదవాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైమ్‌లు రెండూ పెరిగి, మొదటిది రెండోదానికి రెట్టింపు మించితే లివర్ దెబ్బతినడానికి మద్యం కారణమని అనుమానించాలి. ఎర్రరక్తకణాల పరిమాణాన్ని చెప్పే ఎంసీవీ దీర్ఘకాలం తాగినవారిలో పెరుగుతుంది. ఆ కణాల ఆయుష్షు నాలుగు నెలలు కాబట్టి మానేశాక కూడా అది నెలల పాటు దిగదు. అందువల్ల గత నెలంతా తాగకుండా ఉన్న మనిషిని ఎంసీవీ చూపించి తాగావని నిందించకూడదు. బి12, ఫోలిక్ ఆమ్లం లోపించినా అది పెరుగుతుందన్న సంగతి మరవకూడదు.

ఇంతకంటే నిక్కచ్చిగా చెప్పే పరీక్షలు రెండున్నాయి. సీడీటీ అన్నది రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్‌లో మద్యం వల్ల వచ్చే లోపాన్ని కొలుస్తుంది. రెండు వారాలకు పైగా ఎక్కువ మోతాదులో తాగితే పెరిగి, మానితే రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. లివర్ బాగా చెడినవారిలో దీన్ని జాగ్రత్తగా చదవాలి. రెండోది పెత్ అని పిలిచే ఫాస్ఫటిడైల్ ఎథనాల్. ఎర్రరక్తకణాల పొరలో మద్యం సమక్షంలో మాత్రమే తయారయ్యే పదార్థమిది. ఊబకాయం వల్లగానీ మధుమేహం వల్లగానీ పుట్టదు. రక్తంలో మిల్లీలీటరుకు 20 నానోగ్రాములకు లోపల ఉంటే తాగలేదనో చాలా కొద్దిగా తాగారనో, 200 దాటితే బాగా తాగుతున్నారనో సాధారణంగా అర్థం చేసుకుంటారు. రెండు నుంచి నాలుగు వారాల వెనకటి సంగతిని ఇది చెప్పగలదు. మూత్రంలో చూసే ఇథైల్ గ్లూకురోనైడ్ రెండు మూడు రోజుల వరకే చెబుతుంది, చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్ వల్ల కూడా తప్పుగా పాజిటివ్ రావచ్చు. ఈ పరీక్షలు ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఉండాలని కోరడం అత్యాశ. జీజీటీ, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ఎంసీవీ ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉచితంగా చేయడమూ, పెత్ పరీక్షకు రెండు రాష్ట్రాల్లోనూ కనీసం ఒక్కో బోధనాసుపత్రి ప్రయోగశాలను సిద్ధం చేసి నమూనాలను అక్కడికి పంపే ఏర్పాటు చేయడమూ సాధ్యమయ్యే పనులు.

ఈ పరీక్షలను ఎందుకు చేయాలన్నదానిలో నా అభిప్రాయం చాలామంది అధికారుల అభిప్రాయానికి భిన్నంగా ఉంది. దొంగను పట్టుకోవడానికి చేసే పరీక్షగా దీన్ని చూస్తే రోగి రెండోసారి రాడు. మానేసిన మనిషికి అతని మొదటి రోజు జీజీటీనీ, ఆరు వారాల తర్వాతి జీజీటీనీ పక్కపక్కన పెట్టి చూపిస్తే అతని మొహంలో వచ్చే మార్పు ఏ కౌన్సెలింగ్ వల్లా రాదు. ఊళ్లో ఎవరూ నమ్మకపోయినా, భార్య కూడా ఇంకా నమ్మకపోయినా, కాగితం మీద అతని మాట నిజమని రుజువవుతుంది. అందుకే అడ్మిషన్ రోజున ఒక పరీక్ష చేసి ఊరుకోకుండా, ఆరు వారాలకు, మూడు నెలలకు మళ్లీ చేసే నియమాన్ని పెట్టండి.

వంశపారంపర్య బలహీనతను సూచించే పరీక్షల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాటి పేరిట రేపు వ్యాపారం మొదలవుతుంది. 1984లో హెన్రీ బెగ్లైటర్ బృందం, తాగుబోతు తండ్రులున్న, తామింకా మద్యం రుచి చూడని చిన్న మగపిల్లల మెదడు తరంగాలను కొలిచి, పీ300 అనే తరంగం వారిలో చిన్నదిగా ఉందని చూపింది. బెంగళూరులోని నిమ్హాన్స్ పరిశోధకులు 1995లో మన దేశపు కుటుంబాల్లోనూ ఇదే ధోరణిని చూపారు. కుటుంబంలో వ్యసనభారం ఎంత ఎక్కువైతే, ఆ తరంగం అంత చిన్నది. మద్య వ్యసనంలో జన్యువుల పాత్ర దాదాపు సగమని కవలల అధ్యయనాలు చెబుతున్నాయి. ఇవన్నీ విలువైన పరిశోధనలే. కానీ పీ300 తగ్గడం స్కిజోఫ్రీనియాలోనూ, ఏకాగ్రత లోపించిన పిల్లల్లోనూ కనిపిస్తుంది. తూర్పు ఆసియా ప్రజలను మద్యం నుంచి కొంత కాపాడే ఏఎల్‌డీహెచ్2 జన్యు మార్పు మన దేశంలో అరుదు. తాగాలన్న కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ ఎవరికి పనిచేస్తుందో ఓపీఆర్ఎం1 అనే జన్యువు చెబుతుందని 2003లో పుట్టిన ఆశ, దాన్ని ముందుగా నిర్ణయించుకున్న పద్ధతిలో పరీక్షించిన 2015 నాటి అధ్యయనంలో నిలబడలేదు. కాబట్టి ఒక బిడ్డ తాగుబోతు అవుతాడో కాడో చెప్పగల జన్యు పరీక్ష ఈనాటికి లేదు. అలాంటి పరీక్షను ఏ ప్రైవేటు కేంద్రమైనా అమ్మితే దాని లైసెన్సును సమీక్షించాలని అథారిటీలను కోరుతున్నాను. ఆ పరిశోధనల నుంచి ఈరోజే తీసుకోదగ్గ ప్రయోజనం వేరే ఉంది: చిన్న వయసులో మొదలైన వ్యసనపరుడు వార్డులో చేరినప్పుడు, అతని పిల్లల చదువు, ప్రవర్తన ఎలా ఉన్నాయని అడిగి, అవసరమైతే వారిని పిల్లల మానసిక వైద్యుడికి చూపించడం. తండ్రికి వైద్యం చేస్తున్న గదిలోనే ఆ కొడుకూ తరచుగా నిలబడి ఉంటాడు, అతన్ని ఎవరూ పలకరించరు.

తెలంగాణ అధికారులకు ప్రత్యేకంగా ఒక మనవి. మీ రాష్ట్రంలో కల్లుకు అలవాటుపడి వచ్చే రోగిని మద్యపు రోగిగా మాత్రమే చూస్తే ప్రాణం పోవచ్చు. క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ కలిపిన కల్తీకల్లు ఎంతోమందిని మద్యానికి కాక నిద్రమాత్రలకు బానిసలను చేసింది. 2015లో కల్తీకల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో జనం వింత ప్రవర్తనతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు పోటెత్తారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాల ఎదుట కనిపించిన రద్దీలోనూ కల్లు రోగులు ఎందరో ఉన్నారు. కల్లులోని మద్యం తక్కువ కాబట్టి ఇలాంటి రోగికి జీజీటీ, ఎంసీవీ, సీడీటీ అన్నీ మామూలుగానే ఉండవచ్చు. డయజిపామ్ శరీరంలో చాలా రోజులుంటుంది కాబట్టి మానినప్పటి లక్షణాలు మద్యంలోలాగా రెండో మూడో రోజున కాక వారం తర్వాత కూడా రావచ్చు. ఐదో రోజున ఇంటికి పంపిన రోగికి ఊళ్లో ఫిట్స్ వస్తే అది ఆసుపత్రి లెక్కల్లోకి ఎక్కదు. కల్లు చరిత్ర ఉన్న ప్రతివారికీ మూత్రంలో బెంజోడయజిపైన్ (డయజిపామ్ వంటి నిద్రమాత్రల) పరీక్ష చేయాలని, వారి మందును మద్యపు రోగికంటే చాలా నెమ్మదిగా, వారాల పాటు తగ్గించాలని లిఖితపూర్వకంగా ఆదేశాలు ఇవ్వండి. రోగి "కల్లే కదా సార్" అన్నప్పుడు మా జూనియర్ వైద్యులు తేలిగ్గా తీసుకోకుండా ఉండాలంటే ఆ ఆదేశం అవసరం.

గతంలో మానినప్పుడు ఫిట్స్ వచ్చినవారు మరో ముఖ్యమైన రకం. మానడం, మళ్లీ తాగడం, మళ్లీ మానడం జరిగే కొద్దీ ప్రతిసారీ మెదడు మరింత తీవ్రంగా స్పందిస్తుందని 1978 నుంచి వైద్యులు చెబుతున్నారు. ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి మాన్పించడం, నాటు కేంద్రాల్లో మందులు లేకుండా కట్టిపడేయడం ఇలాంటివారికి ప్రాణాంతకం. వారిని తప్పనిసరిగా అడ్మిట్ చేయాలి. లివర్ చెడినవారికి క్లోర్‌డయాజిపాక్సైడ్‌కు బదులు లొరాజిపామ్ ఇవ్వాలి. గ్లూకోజు ఎక్కించేముందు థయమిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ పడాలి, లేకపోతే మెదడుకు జరిగే నష్టం ఒక్కోసారి జీవితాంతం పోదు. చివరి రెండూ ఎంతో చవకైన జాగ్రత్తలు, అయినా రాత్రి డ్యూటీలో తరచుగా తప్పిపోతున్నాయి.

డైసల్ఫిరామ్‌ను నేను వ్యతిరేకించడం లేదు. ముంబైలో వంద మంది రోగులతో ఒక సంవత్సరం పాటు జరిగి 2004లో వెలువడిన అధ్యయనంలో అది నాల్‌ట్రెక్సోన్‌కంటే మెరుగ్గా పనిచేసింది. ఆ రోగులందరికీ దగ్గరుండి మాత్ర వేయించే కుటుంబం ఉంది, వారు తెలిసే వేసుకున్నారు. అలాంటి కుటుంబమున్న, ఆలస్యంగా వ్యసనంలో పడ్డ, మానాలని తానే కోరుకుంటున్న రోగికి అది మంచి మందు. తొందరపాటు స్వభావమున్న యువకుడికి, ఒంటరిగా బతికే కూలీకి, గుండెజబ్బు లేదా లివర్ జబ్బు ఉన్నవారికి అది ముప్పు. తాగుడు మాన్పించే పొడి అని ప్రకటనలిచ్చి, కూరలోనో మజ్జిగలోనో తెలియకుండా కలిపి పెట్టమని భార్యలకూ తల్లులకూ అమ్ముతున్నవారి సరుకును పరీక్షించి, అందులో డైసల్ఫిరామ్ ఉన్నట్టు తేలితే ఔషధ నియంత్రణ అధికారులు కఠినంగా వ్యవహరించాలి. తెలియక ఆ పొడి మీద తాగిన మనిషికి రక్తపోటు పడిపోయి గుండె ఆగవచ్చు. ఆ తల్లి జీవితాంతం ఆ భారం మోయవలసి వస్తుంది. ప్రభుత్వ మందుల దుకాణంలో నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్, లివర్ చెడినవారి కోసం బాక్లోఫెన్ నిత్యం దొరికితేనే వైద్యుడు మనిషిని బట్టి మందు ఎంచుకోగలడు. ఒకే మందు ఉన్న అలమరా ముందు రకాల గురించి ఎంత మాట్లాడినా ప్రయోజనం లేదు.

స్త్రీల గురించి ఈ విభజనలు చెప్పేది తక్కువ, అవి ఎక్కువగా మగవారిని చూసి రాసినవి. కల్లు తాగే స్త్రీలు, ఇప్పసారా తాగే గిరిజన స్త్రీలు మా ఓపీకి దాదాపు రారు, వచ్చేది రక్తం కక్కుకున్నాకే. వారిని కలిసే ఆశా కార్యకర్తకూ ఏఎన్ఎంకూ ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన తాగే అలవాటును అంచనా వేసే పది ప్రశ్నల ‘ఆడిట్’ పత్రాన్ని తెలుగులో ఇచ్చి, అడిగే తీరు నేర్పించాలి.

రహస్యం విషయంలో ఒక హామీ లేకుండా ఇవేవీ సాగవు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుపదార్థాల వల్ల కలిగే మానసిక స్థితులను తన పరిధిలోకి తీసుకుంది, 23వ సెక్షన్ రోగి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. పెత్ వంటి పరీక్ష నాలుగు వారాల వెనక్కి చూడగలదు కాబట్టే దాన్ని యజమానులు ఉద్యోగం తీసేయడానికి, విడాకుల కేసుల్లో సాక్ష్యంగా వాడుకోవడానికి ఆశపడతారు. చికిత్స కోసం ఇచ్చిన రక్తపు ఫలితం రోగి అనుమతి లేకుండా ఆసుపత్రి దాటి వెళ్లకూడదని, చట్టం తప్పనిసరి చేసిన సందర్భాల్లో తప్ప ఎవరికీ ఇవ్వకూడదని స్పష్టమైన సర్క్యులర్ జారీ చేయండి.

ఆచరణలో మిమ్మల్ని కోరేది ఇది. రెండు రాష్ట్రాల అథారిటీలు కలిసి రెండు పుటలకు మించని ఉమ్మడి కేసు షీట్‌ను రూపొందించాలి. మొదలైన వయసు, తల్లిదండ్రుల అలవాటు, బాల్యపు ప్రవర్తన, వ్యసనానికి ముందున్న ఆందోళన లేదా దిగులు, మానినప్పుడు వచ్చిన ఫిట్స్ లేదా మతిభ్రమణం, తాగే పదార్థం, ఆత్మహత్యా ప్రయత్నాలు, మొదటి రోజు, ఆరో వారం, మూడో నెల రక్తపరీక్షలు అందులో ఉండాలి. డీ-అడిక్షన్ కేంద్రాల లైసెన్సు పునరుద్ధరణకు ఆ షీట్ నింపడాన్ని షరతుగా పెట్టాలి. పేర్లు తొలగించిన ఆ వివరాలను బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగాలకు ఇస్తే, స్టాక్‌హోమ్ లెక్కలూ అమెరికా లెక్కలూ అరువు తెచ్చుకోవలసిన అవసరం లేకుండా తెలుగు నేల మీద ఏ రకం ఎంత ఉందో, ఏ రకానికి ఏ మందు పనిచేస్తోందో రెండు మూడేళ్లలో మనమే చెప్పగలుగుతాం. ఒక్కో రాష్ట్రంలో రెండు జిల్లా ఆసుపత్రుల్లో దీన్ని ముందుగా మొదలుపెట్టండి. ఆ షీట్ ముసాయిదా తయారీకి, జూనియర్ వైద్యుల శిక్షణకు నాలాంటి జిల్లా వైద్యులు సమయం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. మమ్మల్ని పిలిపించి, మా కేసు షీట్లు తెప్పించుకుని, ఈ పని ఎప్పుడు మొదలుపెడతారో లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా అభ్యర్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక జిల్లా మానసిక వైద్యుడు